మూట విప్పని సంతకం

ఒక నూలు సంఘంలో ఆడిట్ ముగించి పొందూరు స్టేషన్లో విజయనగరం బండి కోసం కూర్చున్నాను. పందొమ్మిది వందల అరవైల చివర, ఉద్యోగం కొత్త. బల్లకి అటు చివర చిన్న మూటతో ఉన్న ముసలామె నా చేతిలోని సంఘం ఫైలు గుర్తుపట్టింది.

“అక్కడ ఏటి సూసినావు?”

“నూలు మూటలమ్మా. అన్నీ సరిపోయాయి, సంతకం పెట్టాను.”

“ఇప్పి సూసినావా?”

గోదాము గుమ్మంలో నిలబడే లెక్కపెట్టానని చెప్పలేకపోయాను. “పుస్తకంతో సరిపోతే చాలు,” అన్నాను.

“పుస్తకం రాసింది తాళాలున్నోడే గదా. ఆ తాళాలు ఆడికి నూలు వొడికే మేవే ఇచ్చినాం. మా అత్త కాలంలో ఏడాదికోపాలి అందరి ముందరా మూటలిప్పి, నూలు సుట్టిన సిలపలు మా సేతుల్లో పెట్టీవోరు. ఎవులు వొడికిన నూలు ఆళ్లకి ముట్టుకుంటే తెలిసిపోతాది. ఇప్పుడు మూటకి పైన నూలు, లోపల సెత్త పత్తి.”

“మరి మీరు అడగలేదా?”

“నిరుడు అడిగితే, ఆడిటరు బాబు సూసినాడన్నారు. ఈ యేడు నువ్వూ సూసినావు.”

బండి వచ్చింది. నేనెక్కిన పెట్టె చూసి, ఆమె మూట చంకన పెట్టుకొని వెనక పెట్టెకి నడిచింది.

ఆ తర్వాత ఉద్యోగం ఉన్నన్నాళ్లూ, ఏ గోదాముకెళ్లినా పుస్తకం కన్నా ముందు కత్తెర అడిగేవాణ్ణి. ఆ ఒక్క సంతకం మాత్రం అలాగే ఉండిపోయింది.