చెరకు పిప్పి పరిచిన నేల

ఉదయం ఆరూ ఇరవైకి విశాఖపట్నం స్టేషన్లో ఇడ్లీ తిని పాసింజరు ఎక్కాను. అనకాపల్లిలో దిగేసరికి ముసురు పట్టింది. బస్టాండులో మాడుగుల బస్సు సిద్ధంగా ఉంది.

నిరుడు తుఫాను నష్టం చూడడానికి అధికారులు వచ్చిన అద్దె హెలికాప్టరు, తిరిగి లేస్తూ ఆ దారిలోని ఒక పల్లెలో పడిపోయింది. అందులో మెకానిక్‌గా వెళ్లిన మా తమ్ముడు ప్రభాకర్ పోయాడు. ఆ చోటు ఒకసారి చూడాలని బయలుదేరాను.

"మాడుగుల అలవా కొనుక్కోడానికేనా? నీ మొకం అలాగ లేదు బాబూ" అంది పక్క సీటు ముసలావిడ. సంగతి చెప్పాను. ఆమెదీ హెలికాప్టరు పడిన ఊరే. "అది పడిన పొలం అప్పల్నాయుడిది. మీవోళ్లు వత్తే ఏటంటారో అని బెంగెట్టుకున్నాడు" అంది.

పది గంటలకు దిగాం. ఊళ్లోకి అర మైలు, మడమలోతు బురద. అప్పల్నాయుడు నన్ను పొలానికి తీసుకెళ్లాడు. చెరకు మళ్లీ ఏపుగా పెరిగింది. గట్టు ఒకచోట విరిగి ఉంది.

వానల్లో చుట్టాలొస్తే గానుగ దగ్గర ఎండిన పిప్పి తెచ్చి బురద మీద పరవడం ఆ ఊరి మర్యాద. హెలికాప్టరు దిగే చోటా పరిచారు. దిగగానే ప్రభాకర్ అదంతా తీయించాడట. అధికారులు భోజనాల్లో ఉండగా మళ్లీ చినుకులు పడ్డాయి.

"ఆఫీసర్ల బూట్లు పాడైపోతాయని మళ్లీ పరిసేం బాబూ. మీ తమ్ముడు అప్పటికే లోపలున్నాడు, సూళ్లేదు."

రెక్కల గాలికి పిప్పి లేచి ఇంజనులోకి పోయింది. కొబ్బరిచెట్టు ఎత్తుకు వెళ్లేసరికి ఇంజను బలం తగ్గింది. పైలట్ ఎలాగో చెరకులోకి దింపాడు. మిగతావారు నడిచి బయటికొచ్చారు. గట్టుకు తగిలిన వైపు మా తమ్ముడున్నాడు.

"ఏదో ఒకటి అనండి బాబూ" అన్నాడు అప్పల్నాయుడు.

పదండి, వెళ్దాం అన్నాను. ఇంటికి వెళ్లాక ఆయన భార్య నీళ్లిచ్చి దూరంగా నిలబడింది. భోజనం చేస్తారా అని అడగడానికి ఇద్దరూ జంకుతున్నారు. నేనే అడిగి పెట్టించుకున్నాను. అన్నం, పప్పుచారు.

మూడు గంటల బస్సుకు ఆయన రోడ్డుదాకా వచ్చి, బోరింగు కొట్టి నన్ను కాళ్లు కడుక్కోనిచ్చాడు. మంచితనం వల్ల జరిగిన చావుకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో రైల్లోనూ నాకు తెలియలేదు. ఆ ఊళ్లో ఇప్పుడు ఎవరొచ్చినా పిప్పి పరవరు.