పద్దెనిమిది నిమిషాల సవతి

నాకొక సవతి ఉంది. దాని నిడివి పద్దెనిమిది నిమిషాలు. అందులో ఇరవై నాలుగు పాటలు. పాటలంటే మీరనుకునే పాటలు కావు. గ్రైండ్‌కోర్ అంటారట దాన్ని. నేను పుట్టకముందెప్పుడో ఏదో చలిదేశంలో నలుగురు కుర్రాళ్ళు గొంతు చించుకుని, డ్రమ్ములు పగిలేలా వాయించి జనం మీదికి వదిలారు. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకరోజు మా ఆయన ఆ మోత పెడితే, మా అత్తగారు రహీమున్నీసా "మిక్సీలో చెంచా పడిందేమో చూడవే" అని నన్ను వంటింట్లోకి తరిమింది.

మా ఆయన నౌషాద్ కుట్టుమిషన్ల మెకానిక్. మేముండేది తెనాలిలో. సంచి భుజాన వేసుకుని ఒకరోజు రేపల్లె, ఒకరోజు బాపట్ల వెళ్ళి మిషన్లు బాగుచేసి వస్తాడు. పంతొమ్మిదేళ్ళప్పుడు రేపల్లెలో ఒక పాతసామాన్ల కొట్లో ఈ క్యాసెట్ దొరికింది. ఇంటికి తెచ్చి పెడితే టేపురికార్డరు పాడైందనుకున్నాడు. విప్పాడు, హెడ్డు తుడిచాడు, బెల్టు మార్చాడు, బిగించాడు. మళ్ళీ అదే మోత. మూడోసారి విప్పినప్పుడు గాని తెలియలేదు, మిషను బాగానే ఉంది, పాటే అలా ఉందని. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆయన ముఖం చూడాలి. మా పెళ్ళి ఫొటోల్లో కూడా అంత వెలుగు లేదు.

మామూలుగా అయితే నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. కూరెలా ఉందంటే "ఊఁ". కొత్త చీర ఎలా ఉందంటే "ఊఁ". నేను ఇంట్లో చీరలకు ఫాల్, పికో కుడతాను. నా మోటారు మిషనుకు ప్రతి శుక్రవారం పక్కన కూర్చుని నూనె వేస్తాడు గాని, పదహారేళ్ళలో నా కుట్టు బాగుందని అన్న పాపాన పోలేదు. అంత గొప్ప ఏముందండీ అందులో అని ఒకసారి అడిగేశాను.

"వాళ్ళకి కోపం ఉంది. కానీ నసపెట్టరు. చెప్పాల్సింది నలభై సెకన్లలో చెప్పేసి లేచిపోతారు" అన్నాడు.

ఏడాదికి సరిపడా మాటలు. నసపెట్టేది ఎవరో నేను అడగలేదు.

సరే, రికార్డుతో సర్దుకుపోయాను. పాపం, దానికి కాళ్ళూ చేతులూ లేవు. పోయిన వేసవిలో కాళ్ళూ చేతులూ ఉన్న మనిషి వచ్చింది. బాపట్లలో వాగ్దేవి అని ఒక కాలేజీ లెక్చరరు. వాళ్ళమ్మ శేషారత్నం గారి మిషను బాగుచేస్తూ ఈయన ఫోనులో ఈ మోత పెట్టుకున్నాడట. వాగ్దేవి లోపలి గదిలోంచి వచ్చి, నాలుగు సెకన్లు వినిందో లేదో, రికార్డు పేరు చెప్పేసిందట.

"పేరు చెప్పేసింది ఫర్జానా" అని ఆ రోజు నాతో మూడుసార్లు అన్నాడు.

అప్పటినుంచి ఫోన్లు. నా దగ్గర "ఊఁ" తప్ప మాట రాని మనిషి డాబా మెట్ల మీద కూర్చుని అరగంట మాట్లాడతాడు. "కాదండీ మేడమ్, తొమ్మిదోది కాదండీ, పదకొండోదండీ" అంటూ. నా ఒళ్ళు మండిపోయేది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా. ఆ మంటలో ఎర్రచీర అంచుకు పచ్చదారం వేసి కుట్టి, మళ్ళీ అంతా విప్పుకున్నాను.

మొన్న శేషారత్నం గారి మిషను మళ్ళీ మొరాయించిందని బయలుదేరాడు.

"నేనూ వస్తా" అన్నాను.

"నువ్వెందుకు?"

"సూర్యలంక చూసి చాలా రోజులైంది."

"ఊఁ" అన్నాడు. నేను సముద్రం కోసం పోలేదని మీకు తెలుసు.

వాగ్దేవి నేననుకున్నదానికంటే బాగుంది. నా వయసే ఉంటుంది, నాకంటే సన్నం. నవ్వితే ఇల్లంతా వినపడుతుంది. శేషారత్నం గారిచ్చిన కాఫీ నాకు చేదుగా ఉంది. పంచదార సరిపోయే ఉంటుంది. ఈయన మిషను ముందు కూర్చోగానే వాగ్దేవి వచ్చి నా పక్కన కూర్చుంది. అడగాల్సినవి, కడగాల్సినవి అన్నీ నేను దారిలోనే సిద్ధం చేసుకున్నాను.

"అక్కా, పికో కుట్టేది మీరేగా?" అంది.

"నేనే. ఏం?"

"ఎప్పట్నుంచో మిమ్మల్ని చూడాలనుందండి. డ్రమ్ముల గురించి మొదలుపెట్టినా చివరికి మీ దగ్గరకే వస్తారీయన. రంజాన్ ముందు మా ఆవిడ మిషను తొక్కుతుంటే అచ్చం ఇదేనండి అంటారు. చీర మూల తిప్పేటప్పుడు ఒక్క క్షణం కాలు తీస్తారంట కదా మీరు? ఏడో పాట మధ్యలో సరిగ్గా అలాగే ఆగుద్దంట. అలా కాలు తీయడం తెనాలి మొత్తం మీద ఇంకెవరికీ రాదంటారు."

నేను తెచ్చుకున్న మాటల్లో ఒక్కటీ పనికిరాలేదు. సంతోషం వేసింది, అబద్ధమెందుకు. ఆ వెంటనే అంతకు రెట్టింపు కుళ్ళు పుట్టింది. నా కాలు గురించి, నా చీర మూల గురించి నాకు చెప్పకుండా ఈవిడకు చెప్పాడా? కూరెలా ఉంది, చీరెలా ఉంది అని పదహారేళ్ళుగా నేను అడిగింది ఆ ఒక్కమాట కోసమే కదా. నా సొమ్ము తీసుకెళ్ళి ఇంకొకరి చేతిలో పెట్టినట్టే ఉంది.

తిరుగు రైల్లో ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టమన్నాను. కంగారుగా చూసి పెట్టాడు. మోత మొదలైంది. ఆ పాడే కుర్రాళ్ళకు కూడా ఆ రోజు నాకున్నంత కోపం ఉంది. ఏడో పాట ఉరుకుతూ ఉరుకుతూ వచ్చి ఠక్కున ఆగింది. నా కుడికాలు దానంతటదే పైకి లేచింది. పాట మళ్ళీ అందుకుంది. ఆయన నా కాలి వైపే చూస్తున్నాడు.

ఇయర్‌ఫోన్ తీసేశాను.

"ఆవిడకి నా గురించి ఏమేం చెప్పారో అన్నీ నాకు చెప్పండి."

"ఊఁ?"

"ఊఁ కాదు. మొదట్నుంచీ చెప్పండి. నలభై సెకన్లలో కుదరదు."

ఆయన పాట ఆపేశాడు. మధ్యలో ఆపడం నేనెప్పుడూ చూడలేదు. తన చెవిలోదీ తీసేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"నీ మిషనుకి వారం వారం నూనె అక్కర్లేదు. నువ్వు కుడుతుంటే దగ్గర కూర్చుని వినొచ్చని వేస్తా."

ఆ తర్వాత ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. నిడుబ్రోలు దాటింది. చుండూరు దాటింది. తెనాలి దగ్గరపడుతుండగా నాకు మళ్ళీ కుళ్ళు పుట్టింది.

"ఈ నూనె సంగతి కూడా ఆవిడకి చెప్పారా?" అన్నాను.

"ఆవిడకెందుకు?" అన్నాడు.