క్వేకర్ల బడిలో నా గుసగుస

ఆ మధ్య మా మనవరాలిని బడిలో వేయడానికి వెళ్లాం. నేను చేయాల్సిన పని ఒక్కటే, కాసేపు నోరు మూసుకుని కూర్చోవడం. అదొక్కటి తప్ప అన్నీ చేసొచ్చాను.

మేముండేది సూరత్‌లో, పర్వత్ పాటియాలో. ఇంటికి ఆనుకునే మరమగ్గాలు, మేం సాంచెలంటాం. ఆ చప్పుడులో బతికేవాళ్లకు మామూలు గొంతు ఉండదు. మా ఆయన "చాయ్" అంటే పక్క సందులో వాళ్లు కూడా కప్పులు కడుగుతారు. అందుకే సాంచెల దగ్గర సగం మాటలు చేతులతోనే. మనవరాలు సహస్ర నోటి మాట కంటే ముందు ఆ సైగలే నేర్చింది.

అదే చిక్కయింది. రెండు బడుల్లో "బేటా, నామ్ క్యా హై?" అని అడిగితే తలూపి, చెయ్యూపి ఊరుకుంది. పిల్లకు మాటలు రావని పంపేశారు. ఇంట్లోనేమో తెలుగు, హిందీ, గుజరాతీ మూడింట్లోనూ నాకు ఎదురు చెబుతుంది. కోడలు రజిత దిగులుతో అన్నం ముట్టలేదు. నా వంట వల్లనేమో అన్నాడు కొడుకు. వాడి సంగతి తర్వాత చూస్తాను.

అప్పుడు తెలిసింది ఈ బడి గురించి. క్వేకర్లనే క్రైస్తవులు నడుపుతారట. పాదిరి లేడు, పాట లేదు, అందరూ కలిసి మౌనంగా కూర్చోవడమే ప్రార్థన. పిల్లలకు ఇంటర్వ్యూ లేదు. ఇంటివాళ్లు ఒక పొద్దున వచ్చి వాళ్లతో కూర్చుంటే చాలు.

ఆటోలో రజిత బతిమాలింది. "అత్తమ్మా, జర ఏం మాట్లాడకు. గీ బడి గూడ పోతే ఇంక ఏడికి పోవాల్నో నాకు తెల్వది."

"నేనేం మాట్లాడుతనే? నాకు మాటలే రావు."

తెలుగు రాని ఆటోవాలా కూడా అద్దంలో నావైపు చూశాడు.

బడిలో చాపలు గుండ్రంగా పరిచారు. సహస్రను పిల్లల మధ్య, నాకు ఎదురుగా కూర్చోబెట్టారు. టీచరమ్మ భావనాబెన్ హిందీలో చెప్పింది. "ఎవరికైనా లోపల్నుంచి మాట వస్తే చెప్పొచ్చు. మిగతావాళ్లం జవాబివ్వం, వింటాం." కళ్లు మూసుకుంది.

మా ఇళ్లలో నిశ్శబ్దమంటే కరెంటు పోయిందని, పని ఆగిందని. ఎదురుగా ఒక తండ్రి ఒక కన్ను తెరిచి ఫోన్ చూసుకుంటుంటే భార్య మోచేత్తో పొడిచింది. అది ఎవరికీ చెప్పకుండా ఎలాగో మింగాను. అంతలో భావనాబెన్ తల నెమ్మదిగా పక్కకు వాలింది. నోరు కొంచెం తెరుచుకుంది. ఇక కోడలి చెవిలో గుసగుసగా అన్నాను.

"ఏందే రజితా, టీచరమ్మ కూసున్నకాడనే నిద్రవోయింది. గీమెకా మన పిల్లను అప్పజెప్పేది?"

గుసగుసే, సాంచెల లెక్కలో. కిటికీ మీది పావురాలు లేచిపోయాయి. భావనాబెన్ ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. మా తెలుగు అక్కడెవరికీ రాదు. నాకు లోపల్నుంచి మాట వచ్చిందనుకుని అందరూ ఇంకాస్త భక్తిగా తలలు వంచారు. ఆ భక్తి చూసి మరో మాట అందామని నోరు తెరిచాను. ఎదురుగా సహస్ర నాకేసి అరచెయ్యి చాచి, టక్కున పిడికిలి బిగించింది. దారం తెగినప్పుడు సాంచె బంద్ చెయ్యమని వాళ్ల నాన్న చేసే సైగ అది.

మూశాను.

కూర్చోవడం అయ్యాక భావనాబెన్ నా దగ్గరికొచ్చి, నేనన్న మాట హిందీలో చెప్పమంది. రజిత ముఖం తెల్లబోయింది. నేను జన్మలో మొదటిసారి మాట కోసం వెతుక్కుంటున్నాను. ఇంతలో రెండు బడుల్లో పేరు కూడా చెప్పని పిల్ల లేచి నిలబడి, శుభ్రమైన హిందీలో చెప్పేసింది. "మీరు నిద్రపోయారా అంటోంది మా బాపమ్మ."

భావనాబెన్ గడియారం చూసుకుంది. "హా," అంది, "థోడీ దేర్." కొంచెం సేపేనట.

అబద్ధానికి అంత మంచి అవకాశం వచ్చినా వాడుకోని మనిషిని మా సందులో నేను చూడలేదు. ఆమె సహస్ర ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆ పిడికిలి ఏమిటో అడిగి, పిల్ల వెనకే తానూ చేసింది. అందరూ నోరు తెరవమన్న పిల్ల చేతుల్ని ఈమె చూసింది. ఒకే ఇంట్లో ఉండి నేను కూడా అంత నెమ్మదిగా ఎప్పుడూ చూడలేదేమో.

తిరిగొస్తూ ఆటోలో నేనేమీ మాట్లాడలేదు. జ్వరమేమోనని రజిత నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

సహస్ర రోజూ ఆ బడికే పోతోంది. ఇదివరకు మౌనానికి ముందు గంట కొట్టేవారట. ఇప్పుడు పిల్లలంతా అరచెయ్యి చాచి పిడికిలి బిగిస్తారట. ఇదెక్కడి పద్ధతని కొత్తవాళ్లు అడిగితే, సహస్ర వాళ్ల బాపమ్మను ఆపడానికి మొదలైందని చెబుతున్నారట.