రెండు ఆది జాకెట్లు

పోయిన బుధవారం సాయంత్రం బడి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే, ఒక నడివయసు ఆవిడ గేటు దగ్గర నిలబడి, "టీచరమ్మా, మా అమ్మ దగ్గర మీ సామాను ఉండిపోయింది" అంటూ ప్లాస్టిక్ కవరు ఒకటి అందించింది. వాళ్లమ్మ మా నరసరావుపేటలో ఇరవై ఏళ్లకు పైగా నా జాకెట్లు కుట్టిన మనిషి. మా వీధులన్నిటికీ ఆమె ఆపా, వాళ్ల ఉర్దూలో అక్క. పోయిన నెల చనిపోయింది. కొట్టు ఖాళీ చేస్తుంటే ఆడవాళ్లు ఇచ్చి మరిచిపోయిన ఆది జాకెట్లు ఒక గోనెసంచెడు బయటపడ్డాయట. టేపుతో కొలిపించుకునే అలవాటు మావైపు తక్కువ. ఒంటికి సరిగ్గా కుదిరిన పాత జాకెట్టు ఒకటి ఇస్తాం, దాన్ని చూసి కొత్తది కుడతారు. అదే ఆది. మధ్యలో ఒళ్లు మారినా మేం ఒప్పుకోం, ఆ ఆదే ఇచ్చి "కాస్త వదులు పెట్టు" అంటాం. ఆపా ఒక్కో ఆదికీ పేరు రాసిన గుడ్డముక్కను పిన్నీసుతో గుచ్చి దాచింది కాబట్టి, కూతురు ఇల్లిల్లూ తిరిగి ఎవరివి వాళ్లకు ఇచ్చేస్తోంది. కాసిని మంచినీళ్లన్నా తాగమంటే, "ఇంకా చానా ఇళ్లు తిరగాలమ్మా" అని వెళ్లిపోయింది.

కవరులో రెండు జాకెట్లున్నాయి. ఒకటి ఎంత పెద్దదంటే రెండోదాన్ని మడతపెట్టి దాని కప్పులో పెట్టేయొచ్చు. రెండిటినీ కలిపి గుడ్డపీలికతో కట్టి, ఒకే చీటీ గుచ్చింది: లెక్కల టీచరమ్మ. నేను అక్కడే అరుగు మీద కూర్చుండిపోయాను. ఆ రెండూ ఒకే మనిషివని తెలిసినవాళ్లు ఈ ఊళ్లో ఇద్దరమే ఉండేవాళ్లం. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

మా అమ్మది భారీ ఒళ్లేమీ కాదు. నడుమూ చేతులూ సన్నం. ఛాతీ మాత్రం ఎవరో కాసేపు మోయమని ఇచ్చి మళ్లీ రానట్టుగా ఉండేది. ఆ బరువుకు యాభైకే వంగిపోయింది. అక్క నాన్న పోలికలో బద్దలా పుట్టింది, నేను అచ్చం అమ్మను. ఓణీల రోజుల నుంచీ అమ్మ నన్ను అన్నం తిన్నావా అని అడిగినదానికంటే పైట సర్దుకో అన్నదే ఎక్కువ. ఆఖరి రోజుల్లో, మంచంలో ఉండి మనుషుల్ని పోల్చుకోవడం కూడా కష్టమైనప్పుడు, పాలగ్లాసు పట్టుకుని నేను వంగితే ఆ మాట ఒక్కటి మాత్రం తప్పులేకుండా అనేది. నాకు నవ్వొచ్చేది, వెంటనే ఏడుపొచ్చేది. పెళ్లి ఎందుకు చేసుకోలేదన్నది వేరే సంగతి, అందులో చెప్పుకోదగ్గ కథేమీ లేదు. అమ్మా నేనూ ఉండేవాళ్లం, అమ్మ పోయాక నేనున్నాను.

పల్నాడులో రోహిణి కార్తె ఎండలంటే తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. రొమ్ముల కింద చెమట చేరి, ఒరిసి, పచ్చిపుండయ్యేది. నాన్న పాత పంచెలు చించి, మడతలు పెట్టి ఇచ్చేది అమ్మ, "లోపల పెట్టుకో, ఎవరికీ చెప్పబాక" అని. బాడీ పట్టీలు కోసి కోసి భుజాల మీద వేలు పట్టేంత గాడి పడింది. మెడ నొప్పి, వేళ్ల తిమ్మిరి. చెయ్యి పైకి లేచేది కాదు గనక నా లెక్కలన్నీ బోర్డు నడుమ నుంచి మొదలయ్యేవి. అది నా పద్ధతి అనుకునేవాళ్లు పిల్లలు. వరండాలో నడిచేటప్పుడు అటెండెన్సు రిజిస్టరును గుండెలకు అదుముకునేదాన్ని, వెనక బెంచీల నవ్వులు వినపడనట్టు ఉండేదాన్ని. ఆ విద్యలో నాకు పాతికేళ్ల సర్వీసు. నొప్పికంటే ఆ నవ్వులే ఎక్కువ బాధపెట్టాయని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

అమ్మ పోయిన ఏడాదికి మెడ అసలు తిరగడం మానేసింది. ఎముకల డాక్టరు ఫిల్ము చూసి, నన్ను చూసి, మళ్లీ ఫిల్మే చూస్తూ "బరువు తగ్గండమ్మా" అన్నాడు. తగ్గాను. బుగ్గలు పీక్కుపోయాయి, చేతులు పుల్లలయ్యాయి, తగ్గాల్సినచోట మాత్రం తగ్గలేదు. అప్పుడు మెడకు వ్యాయామాలు చేయించే అమ్మాయి గొంతు తగ్గించి, దీనికి ఆపరేషన్ ఉందని చెప్పి, గుంటూరులో ఒక డాక్టరమ్మ దగ్గరికి పంపింది.

అక్కడ హాల్లో నా పక్కన ఒక కాలేజీ పిల్ల, వాళ్లమ్మ కూర్చున్నారు. పిల్ల ఫైలును గుండెలకు అదుముకుని కూర్చుంది, అచ్చం నా రిజిస్టరులాగే. కబడ్డీ ఆడేదట, మానేసిందట. "పెళ్లయితే సర్దుకుంటుందిలే అంటన్నారు మా వాళ్లు. సర్దుకునేదా ఇది?" అని వాళ్లమ్మ నన్నే అడిగింది, నేనేదో పెద్దదాన్నని. ఆ పిల్ల వెంట అమ్మ వచ్చిందే అనుకున్నాను నేను. అసూయపడ్డాను. యాభై ఒక్కేళ్ల మనిషిని, పద్దెనిమిదేళ్ల పిల్లను చూసి.

డాక్టరమ్మ సూటి మనిషి. "అందం కోసం చేయించుకుంటారని బయట అనుకుంటారు. నా దగ్గరికొచ్చేవాళ్లలో ఎక్కువమంది నొప్పికే వస్తారు. మీరు ముప్పై ఏళ్ల కిందటే రావాల్సింది" అంది. లోపలి కండ, కొవ్వు కొంత తీసేసి, మిగిలినదాన్ని పైకి జరిపి కుడతారట. మచ్చలు ఉంటాయి, స్పర్శ తగ్గొచ్చు, ఆరు వారాలు బరువు ఎత్తకూడదు, చేతులు భుజం దాటి లేపకూడదు. అన్నీ చెప్పి, "ఇంతకీ మీ వెంట ఎవరొచ్చారు?" అంది. ఆ ప్రశ్న ఆ ఆసుపత్రిలో గేటు నుంచి థియేటరు దాకా అందరూ అడిగారు. వస్తున్నారు, దారిలో ఉన్నారు అన్నాను. చివరికి కాగితాల మీద సాక్షిగా సంతకం పెట్టింది, మూడు రోజులకు నేను మాట్లాడుకున్న ఆయా. నా పేరు పక్కన ఆమె పేరు, బంధుత్వం అన్నచోట ఖాళీ.

మత్తు దిగాక ఛాతీ మీద ఎవరో ఎక్కి కూర్చున్నంత బిగువు. రెండు పక్కల నుంచీ రెండు గొట్టాలు, వాటి చివర ఎర్రనీళ్లు నిండుతున్న సీసాలు. తీసింది కిలోన్నర దాకా ఉంటుందనీ, పరీక్షకు పంపామనీ డాక్టరమ్మ చెబితే తల ఊపాను. కిలోన్నర అంటే ఏముంది, రెండు దోసకాయలు. నలభై ఏళ్లు మోశాను. ఆయా పళ్లెంలో ఇడ్లీ తుంచి పెడుతూ సీరియల్ చూసుకుంటోంది. ఇడ్లీ ఒక్కోసారి నా ముక్కు దగ్గరికి వచ్చేది.

ఇంటికొచ్చాక గర్భసంచి తీయించుకున్నానని చెప్పాను. మా వీధిలో ఆ ఆపరేషన్ కానివాళ్లను వెతుక్కోవాలి, అందుకే ఎవరూ ఎందుకని అడగరు. ఎదురింటి పిన్ని బ్రెడ్డూ కొబ్బరిబోండాలూ పట్టుకొచ్చి, "కోతా, కెమెరానా?" అని మాత్రం అడిగింది. కెమెరా అన్నాను. అక్కణ్ణించి నా అవస్థ దేవుడికెరుక. మంట పైన, పట్టుకోవాల్సింది పొట్ట. ఎవరన్నా గేటు తీస్తే చెయ్యి పొట్ట మీదికి దించుకునేదాన్ని. వాళ్లంతా పొట్ట వంక చూసి జాలిపడి వెళ్లేవాళ్లు. అంత జాలి వచ్చింది నా ఇంటికి, ఒక్కరిది కూడా నొప్పి ఉన్నచోట తగల్లేదు.

సత్తెనపల్లి నుంచి అక్క సంచీతో దిగింది. అయిపోయాక చెప్పానని గుమ్మంలోనే అందుకుంది. "పరాయిదాన్నటే నేను? చస్తే అన్నా చెప్పేదానివా?" అని ఏడ్చింది. తర్వాత పథ్యం వండింది, ఇల్లు తుడిచింది. స్నానం చేయిస్తానంటే గడియ పెట్టుకున్నాను. కుట్లు చూస్తానంటే కసురుకున్నాను. రెండోరోజు పొద్దున దువ్వెన పట్టుకుని జడ వేసుకోబోతే చేతులు చెవుల దాకా కూడా లేవలేదు. అక్క చూసింది. "అదేందే, ఆపరేషన్ పొట్టకైతే చేతులకేమైంది?" అంది. సెలైన్ పెట్టిన చెయ్యి లాగుతోంది అన్నాను. "రెండు చేతులకూ పెట్టారా?" అని, ఇంక అడక్కుండా నన్ను పీట మీద కూర్చోబెట్టి, కొబ్బరినూనె రాసి, చిన్నప్పటిలా చిక్కు తీయడం మొదలుపెట్టింది. ఆ వేళ్లు తలలో తిరుగుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. చెప్పేద్దామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే అక్క, వెనక నుంచి, "నిన్ను ఎనక నుంచి చూస్తే అమ్మే కూర్చున్నట్టుందే. ఆ ఒళ్లు, ఆ తీరు అంతా అమ్మదే. అమ్మను చూడాలనిపిస్తే నిన్ను చూసుకుంటా నేను" అంది. నోరు మూసుకున్నాను. అమ్మ రూపాన్ని అక్క నాలో దాచుకుంటే, నేను దాన్ని గుంటూరులో తీయించి వచ్చాను. ఆ మాట ఏ నోటితో చెప్పను?

నాలుగోరోజు అక్క వెళ్లిపోయింది, నొచ్చుకునే. తర్వాత ఆరు వారాలు వెల్లకిలా పడుకుని ఫ్యాను చూశాను. కుట్లు దురదపెట్టేవి, ఒకచోట మానక నీరు కారేది. ఫోన్లో ఫొటో తీసి డాక్టరమ్మకు పంపేదాన్ని, "మానుతుంది" అని జవాబొచ్చేది. కొన్నిచోట్ల చెయ్యి వేస్తే వేసినట్టు తెలిసేది కాదు. ఒకరోజు అద్దం ముందు కట్టు విప్పి చూసుకుని భోరుమన్నాను. బాగోలేదని కాదు, బాగానే ఉంది, నిటారుగా ఉన్నాను. వంగకుండా నిలబడ్డ నన్ను నేను అంతకుముందు చూడలేదు. అది చూడడానికి ఇంట్లో ఇంకో మనిషి లేదు. మూడో నెలలో, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, బోర్లా పడుకున్నాను. ఆ సుఖం ఎంతటిదో చెబుదామని పొద్దున్నే లేచి, ఎవరికి చెప్పాలో తెలియక పాలు కాచుకున్నాను.

బళ్లో "గర్భసంచి తీయిస్తే లావెక్కుతారంటారు, మీరేంది టీచర్, చిక్కారు?" అన్నారు. పాత జాకెట్లనే లోపల పిన్నీసులు పెట్టి నెట్టుకొచ్చాను. ఐదో నెలలో ఒక పిన్నీసు ఊడి పాఠం మధ్యలో గుచ్చుకుంది. ఇక తప్పలేదు. మధ్యాహ్నం ఎవరూ ఉండని వేళ చూసుకుని ఆపా కొట్టుకు వెళ్లాను. నా భయమంతా ఆమే. రోజూ వంద మంది ఆడవాళ్లు వచ్చిపోయే కొట్టది. ఆదీ, జాకెట్టు గుడ్డలూ ముందు పెట్టి, "పక్కలు కాస్త లోపలికి కుట్టాలి ఆపా" అన్నాను. "ఎంత?" అంది. "బాగా" అన్నాను. ఆమె కళ్లజోడు మీదుగా నన్ను పైకీ కిందికీ చూసింది. "ఈ ఆది ఇంక పనికిరాదు టీచరమ్మా. లోపలికి రా, కొలుస్తా" అంది.

కర్టెను వెనక ఇద్దరం. పైట తీసి నిలబడ్డాను, పైట సర్దుకో అని అమ్మ అరుస్తున్నట్టే ఉంది. ఆపా టేపు వీపు చుట్టూ తిప్పి ముందుకు తెచ్చింది. ఉలిక్కిపడ్డాను. చెయ్యి ఆపింది. "యాడ కోశారు?" అంది. అలవాటు చొప్పున, "గర్భసంచి ఆపరేషన్ ఆపా" అన్నాను.

"గర్భసంచి ఈడుంటదా టీచరమ్మా?"

నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కడో తిరిగి ఏడుపయింది. అంతా చెప్పేశాను, గొట్టాలు, ఆయా, ఇడ్లీ, అక్క, బోర్లా పడుకోవడం. ఆపా మెడలో టేపుతో అలాగే నిలబడి వింది. "ఇన్నేళ్లుగా నీ జాకెట్ల భుజాల్లో దూది మెత్త పెట్టి కుడతన్నా, ఎందుకనుకున్నా? గాడి నేను చూడలేదా?" అంది. నేనది ఆమె కుట్టే తీరనుకున్నాను. ఆనక, "ఆస్పత్రిలో నీ కాడ ఎవరున్నారు?" అని అడిగింది. ఎవరూ లేరన్నాను. "నన్ను పిలిస్తే రానా?" అంది, నిజంగానే కోపంగా. కళ్లు తుడుచుకోమని కత్తిరించిన గుడ్డముక్క ఒకటి ఇచ్చి, కొలతలన్నీ మళ్లీ మొదట్నుంచీ తీసుకుంది. అమ్మ పోయాక నన్ను అంత నెమ్మదిగా తాకిన మనిషి ఆమే. మొదటి కొత్త జాకెట్టు నాకు చూపించి ఆదిగా తనే ఉంచుకుంది, పాతదీ తిరిగివ్వలేదు. ఊళ్లో నలుసంత మాట కూడా పొక్కలేదు.

మొన్న ఆదివారం అక్క వచ్చింది. కవరు దాచేద్దామని బీరువా దాకా వెళ్లి, మళ్లీ తెచ్చి మంచం మీదే పెట్టాను. ఆపా ఆరేళ్లు దాచింది, ఇంక దాచడానికి ఎవరూ లేరు. అక్క పెద్ద జాకెట్టు చేతిలోకి తీసుకుని, మొహానికి ఆనించుకుని, "అమ్మది దాచుకున్నావటే?" అంది.

"అమ్మది కాదక్కా, నాదే. ఆ చిన్నది కూడా నాదే" అన్నాను. ఆపరేషన్ సంగతి చెప్పాను. ఎక్కడ, ఎందుకు, అన్నీ. అక్క రెండు జాకెట్లనూ ఒళ్లో పెట్టుకుని, ఒకదాని మీద ఒకటి పరిచి సర్దుతూ కూర్చుంది. తిడుతుందనుకున్నాను. తలెత్తి, "అయితే ఆరోజు నీ చేతులు లేవంది అందుకా?" అంది.

ఇన్నాళ్లూ ఆమె ఆ ప్రశ్నను దగ్గరే పెట్టుకుంది, నేను జవాబును పెట్టుకున్నాను. నరసరావుపేట నుంచి సత్తెనపల్లికి బస్సులో ముప్పావుగంట, మాకు మాత్రం ఆరేళ్లు పట్టింది.