ఖానాపూర్ నల్ల ఉలవల కోసం

మాది చొప్పదండి వైపు. ఎనభైల్లో ఒక చలికాలం నా నడుములో నొప్పి పుట్టి పొత్తికడుపులోకి దిగింది. కరీంనగర్ డాక్టరు ఫొటో తీయించి మూత్రనాళంలో రాయి ఉందన్నాడు. నీళ్ళు బాగా తాగుతూ వారం చూద్దాం, పడకపోతే కోయాల్సిందే అన్నాడు. ఉలవ కట్టు, అంటే ఉలవలు ఉడికించి వంచిన నీళ్ళు, తాగొచ్చా అని అడిగితే, "తాగితే తాగు, నీళ్ళు మాత్రం మానకు" అన్నాడు. మా దగ్గర దొరికేవి ఎర్ర ఉలవలు. రాయికి నల్లవే మేలని మా పెద్దలు చెప్పేవారు. అవి ఖానాపూర్ దగ్గర మా బిడ్డనిచ్చిన ఇంటివాళ్ళ చేలో పండుతాయి. కోతకు భయపడి బయలుదేరాను.

తెల్లవారక ముందే కరీంనగర్ చేరి నిర్మల్ బస్సు ఎక్కాను. జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూరు మీదుగా పోతుంది. అప్పటి చార్జీ ఇప్పుడు చెప్పినా ఎవరికీ పనికిరాదు. మెట్‌పల్లి దాటగానే నొప్పి లేచింది. ముందు సీటు కమ్మిని రెండు చేతులతో పట్టుకున్నాను. డ్రైవరు అద్దంలో చూసిండేమో, "ఏం పెద్దమనిషీ, గట్ల చెమటలు పోస్తున్నయ్? బండి ఆపాల్నా?" అన్నాడు.

"వద్దు, పోనియ్."

"నా బండ్ల పానం పోతే నాకు పరేషాన్. జర చెప్పు మరి."

కిటికీ వైపు తిరిగాను. సోన్ దగ్గర గోదావరి దాటేసరికి కాస్త తగ్గింది. నిర్మల్‌లో బస్సు మారి, మధ్యాహ్నానికి ఖానాపూర్‌లో దిగి వియ్యంకుడి ఇంటికి నడిచాను.

వాకిట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద పెద్ద కుండలో నల్ల ఉలవలు ఉడుకుతున్నాయి. ఆ వాసన తగలగానే ప్రాణం లేచొచ్చింది. కానీ వియ్యపురాలు నన్ను చూస్తూనే ఇంట్లోవాళ్ళను కేకేసింది. "అన్న వచ్చిండు, గా కుండ కొట్టంల పెట్టుర్రి. కోడిని పట్టుర్రి."

మా వైపు ఇదొక పట్టింపు. ఉలవలు ఎడ్లకు బలం, రైతుకూ బలమే. కష్టం చేసేవాడు చలికాలం ఉలవ చారు పోసుకోకుండా ఉండడు. కానీ వియ్యాలవారికి అది పెడితే మర్యాద తక్కువ చేసినట్టు. అందుకని కుండ నా ముందు నుంచే కొట్టంలోకి పోయింది. మా బిడ్డ పత్తి చేనుకు పోయి ఉంది. మూత్రం బాధ వియ్యపురాలితో ఎట్లా చెప్పను? కాళ్ళు కడుక్కుని మంచం మీద కూర్చున్నాను. నొప్పి మళ్ళీ మొదలైంది.

వియ్యంకుడు కొట్టంలోని కుండలోంచి కట్టు బకెట్లో వంపుకుని ఎద్దు గోలెం దగ్గరికి నడిచాడు. ఎద్దు మూతి చాచింది. నేను లేచాను.

"బావా, ఆగు. అది నాకు గావాలె."

ఆయన బకెట్ కింద పెట్టాడు. ముఖం మాడిపోయింది. "ఎడ్లకు పోసేది నీకు గావాల్నా? ఏం మర్యాద తక్కువైంది బావా? కోడిని కోస్తుంటే గిట్ల ఎత్తిపొడుస్తవా?"

ఇంట్లో అందరూ నిలబడిపోయారు. అట్లాగే వెనక్కి తిరిగితే రేపు మాట పడేది మా బిడ్డ. నేల చూస్తూ చెప్పాను. "ఎత్తిపొడుపు కాదు బావా. నాకు రాయి ఉన్నది. ఒంటేలుకు పోతే పానం పోతుంది. పడకుంటే కోస్తరట."

వియ్యపురాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "గింత దూరమొచ్చి నోట్లె మాట నోట్లెనే పెట్టుకుంటివా అన్నా? ఎద్దు నయం, మూతన్న చాపింది."

ఆమె కుండలో మిగిలిన కట్టు గుడ్డలో వడగట్టి, ఉప్పు వేసి చెంబు నిండా ఇచ్చింది. ఒంటికి వేడి చేస్తుందని పైన మజ్జిగ తాగించింది. బకెట్‌లోది ఎద్దు తాగింది. కోడికూర వియ్యంకుడే తిన్నాడు.

ఉన్నన్నాళ్ళూ పూటపూటా అదే, మధ్యలో బిందెడు నీళ్ళు. బయలుదేరే రోజు తెల్లవారుజామున కొట్టం వెనక రాయి పడింది, జొన్న గింజంత. తిరుగు బస్సులో ఆ డ్రైవరే ఉంటే చెప్పాను. "నా బండి కుదుపులకు గాక ఉలువలకు పడుతదా?" అన్నాడు. డాక్టరు నీళ్ళ వల్లే అన్నాడు. వియ్యపురాలు ఈనాటికీ ఉలవలే అంటుంది. ముగ్గురికీ అవుననే చెప్పాను. నాకు మాత్రం గుర్తుండేది, ఎద్దు మూతికీ బకెట్‌కూ మధ్య ఉన్న ఆ జానెడు సందు. ఇంకాస్త ఆలస్యం చేస్తే కోడికూర తిని కోతకు పోయేవాణ్ణి.

ఆ వైపు ఉలవల కోసం పోయేవాళ్ళకు ఒక్క మాట. జ్వరం వస్తే, మూత్రం ఆగిపోతే ఉలవలు కాదు, ఆసుపత్రే. ఉలవల కోసమే పోతే మాత్రం వియ్యాలవారి వాకిట్లో కాళ్ళు కడుక్కోకముందే ఏం కావాలో చెప్పేయండి.