ఫ్యాను వేయకూడని పని

ఈ రోజు మధ్యాహ్నం ప్రొద్దుటూరులో, నాతో చదువుకున్న శెట్టి నగల అంగడిలో కూర్చున్నాను. అతనికి నగలు చేసిచ్చే సుబ్బాచారి గడువు అడగడానికి వచ్చాడు.

"ఫ్యాను ఏస్తే అతుకు పెట్టే మంట ఆరిపోతాది, ఏయకుంటే ఈ ఎండకు నా పానం పోతాది. పొద్దుగూకినాకే చేస్తాండా. రెండు దినాలు ఆగప్పా."

"ఈ సోమరితనంతోనే మన సీమ ఎదగల్యా. పని కోయంబత్తూరు నగల ఫ్యాక్టరీకి పంపిస్తాలే, పో" అన్నాడు శెట్టి. ఆచారి వెళ్ళిపోయాడు.

"నీ ఏసీ ఆపి సాయంత్రం దాకా ఈడనే కూచో శెట్టీ, నువ్వెంత ఎదుగుతావో చూస్తా" అన్నాను. నవ్వి, నాకు చల్లని మజ్జిగ తెప్పించాడు.

వేడి పెరిగితే ప్రాంతాల సంపాదన తగ్గుతుందని చాలా చదివాను. ఇక్కడ తగ్గింది ఆచారిది, తిట్లూ ఆచారికే. శెట్టి మేడ మీద కొత్త అంతస్తు లేస్తోంది. మీ ఊళ్ళో ఎండ ఎవరి మీద కాస్తోంది?