ప్లగ్గు దగ్గర అత్తయ్య

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని మా ఇంట్లో దేవుడు చాలా ఏళ్ళు కిచెన్ క్యాబినెట్‌లోనే కాపురం చేశాడు. కింది అరలో ఉప్మారవ్వ, కందిపప్పు. పై అరలో వేంకటేశ్వరస్వామి, లక్ష్మీదేవి, ఒక చిన్న వెండి దీపపు కుంది. తలుపు తీస్తే గుడి, వేస్తే వంటిల్లు. నాకైతే ఏమీ లోటనిపించలేదు. స్వామికి నైవేద్యం పెట్టడానికి రెండడుగులు వేస్తే సరిపోయేది.

మా అత్తయ్యకి మాత్రం అది చూడగానే ప్రాణం ఉసూరుమంది. ఆవిడ తెనాలి నుంచి వచ్చింది చుట్టపుచూపుగా కాదు. ఎనభైల దశకం నడుమ ఒక చలికాలంలో మావారికి గుండె ఆపరేషన్ చేయాలన్నారు. కబురు అందగానే, ఇంగ్లీషు ముక్క రాకపోయినా, ఒక్కతే విమానం ఎక్కి వచ్చేసింది. ఆసుపత్రి వెయిటింగ్ రూమ్‌లో సోఫా మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, అబ్బాయి తన కాళ్ళ మీద తను నడుచుకుంటూ ఇంటికొస్తే స్వామికి సరైన మందిరం చేయిస్తానని మొక్కుకుంది.

మావారు నడుచుకుంటూనే వచ్చారు. డాక్టరు ఇచ్చిన చిన్న దిండు ఒకటి చేత్తో పట్టుకుని, దగ్గొచ్చినప్పుడల్లా దాన్ని గుండెకి అదుముకుంటూ వచ్చారు. ఆ రోజు నాకు కలిగిన నిశ్చింత ఎలాంటిదంటే, కారు గ్యారేజ్‌లో పెట్టి స్టీరింగ్ మీద తల ఆన్చి కాసేపు అలాగే ఉండిపోయాను. లోపల అత్తయ్య ఆయనకి దిష్టి తీస్తోంది. నన్నెవరూ వెతుక్కోలేదు.

ఈ మాట ఎందుకంటున్నానంటే, ఆ చలికాలమంతా నాలో ఒక ఉక్రోషం ఉడుకుతూ ఉండేది. ఆఫీసు, ఆసుపత్రి, మంచులో డ్రైవింగ్, వంట అన్నీ నావే. అత్తయ్య రోజూ పొద్దున్నే నా దగ్గరికొచ్చి, నా మెళ్ళో పుస్తెలు చేత్తో పట్టుకుని కళ్ళకద్దుకుని, "నీ మాంగల్యం గట్టిదమ్మా" అనేది. ఆ తర్వాత వాటిని నా గుండెల మీద వదిలేసి వెళ్ళిపోయేది. తిన్నావా, పడుకున్నావా అని ఒక్కనాడూ అడగలేదు. నేను మనిషినా, ఆ గొలుసు తగిలించే కొయ్యనా అని ఒళ్ళు మండేది.

మంచు కరిగాక మొక్కు సంగతి వచ్చింది. అప్పట్లో డెట్రాయిట్ చుట్టుపక్కల పూజా మందిరాలు అమ్మే కొట్లు మాకు తెలియవు. మావారికి వడ్రంగం సరదా ఉండేది. ఆపరేషన్‌కి ముందు పుస్తకాల బీరువా చేద్దామని మంచి వాల్‌నట్ పలకలు కొన్నారు, వాటితోపాటు ఒక ప్లంజ్ రౌటర్ కూడా. ఇప్పటి పిల్లలనుకునే ఇంటర్నెట్ పెట్టె కాదు. ఇది చెక్కలో గాడి తీసే యంత్రం. రెండు పక్కలా రెండు పిడులు, మధ్యలో మోటారు, కింద గిర్రున తిరుగుతూ చెక్కని కోసే ములికి, అదే బిట్. పిడులు పట్టుకుని కిందికి నొక్కితే బిట్ చెక్కలోకి దిగుతుంది, వదిలితే స్ప్రింగు పైకి లేపేస్తుంది. చూడ్డానికి చిన్న యంత్రమే కానీ స్విచ్ వేస్తే గ్యారేజ్ అదిరిపోయేది. డాక్టరేమో ఆయన్ని గ్యాలన్ పాలడబ్బా కూడా ఎత్తొద్దన్నారు.

"మొక్కు ఇంట్లోవాళ్ళ చేతులమీదుగానే తీరాలి" అంది అత్తయ్య.

"అయితే నేనే చేస్తా" అన్నాను. భక్తితో అన్నానో, కోపంతో అన్నానో నాకే తెలియదు.

మావారు కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆయనకి జాగ్రత్త అంటే మహా పిచ్చి. శనివారం మధ్యాహ్నాలు గ్యారేజ్‌లో లాన్ చెయిర్ వేసుకుని, దిండు ఒళ్ళో పెట్టుకుని, నాకు పాఠం చెప్పేవారు.

"బిట్ మార్చేటప్పుడు స్విచ్ ఆఫ్ చేస్తే చాలదోయ్. ప్లగ్ పీకెయ్యాలి. ఫస్ట్ అది."

"పీకాను."

"పలకని టేబుల్‌కి క్లాంప్ చేశావా? ఊపి చూడు. కదిలిందంటే మళ్ళీ టైట్ చెయ్. గాడి అంతా ఒకేసారి తీసెయ్యాలని చూడకు. కొంచెం కొంచెంగా దింపుతూ మూడు నాలుగు సార్లు వెళ్ళు. రెండు చేతులూ పిడుల మీదే ఉండాలి. ముక్కు దురద పెట్టినా సరే."

"పెడితే?"

"స్విచ్ ఆఫ్ చెయ్, బిట్ పూర్తిగా ఆగేదాకా ఆగు, అప్పుడు గోక్కో."

కళ్ళజోడు, చెవులకి మఫ్స్, జుట్టు ముడి, చీర బదులు ప్యాంటు, పొట్టి చేతుల చొక్కా. గాజులు తీసి కిటికీలో పెట్టాను. ఇంతవరకూ అత్తయ్య కిమ్మనకుండా చూసింది. నేను బూట్లు తొడుక్కోబోతుంటే మాత్రం గుమ్మంలోంచి కేకేసింది.

"దేవుడి మందిరం బూట్లేసుకుని చేస్తావుటే? తోలు బూట్లు!"

"వట్టికాళ్ళ మీద ఇది జారిపడితే వేళ్ళుండవమ్మా" అన్నారు మావారు.

తల్లీకొడుకులు చాలాసేపు వాదించుకున్నారు. చివరికి షాపుకెళ్ళి తోలు లేని కొత్త కాన్వాస్ బూట్లు కొనుక్కొచ్చాను. అత్తయ్య వాటి మీద పసుపునీళ్ళు చల్లింది. గ్యారేజ్ దాటి బయట వెయ్యకూడదన్న షరతు మీద ఒప్పుకుంది. మావారికి నవ్వొచ్చింది కానీ, నవ్వితే కుట్లు నొప్పి పుడతాయని దిండు అదుముకుని కూర్చున్నారు.

అసలు తగువు గొలుసు దగ్గర వచ్చింది.

"మెళ్ళో ఏదీ వేలాడకూడదు. గొలుసు తీసెయ్" అన్నారాయన.

అత్తయ్య ముఖం తెల్లబోయింది. "ఏం మాటరా అది! నువ్వు చావు తప్పి వచ్చి నిండా రెణ్ణెల్లు కాలేదు. పుస్తెలు తీయమంటావా? మందిరం లేకపోతే లేకపోయింది. అది మాత్రం కుదరదు."

ఆయన నా వంక చూశారు. నేను ఇద్దరి వంకా చూసి, గొలుసు చొక్కా లోపలికి దోపుకుని, పై బొత్తాం పెట్టేసుకున్నాను. "సరిపోయిందా?" అన్నాను. ఆయనకి సరిపోలేదని తెలుస్తూనే ఉంది. అయినా వాళ్ళమ్మ కళ్ళల్లో నీళ్ళు చూసి ఊరుకున్నారు.

ఆవిడ మనసు మళ్ళించడానికో ఏమో, మావారు ఆవిడకో ఉద్యోగం ఇచ్చారు. "అమ్మా, నువ్వు ప్లగ్గు దగ్గర కూర్చో. అది తిరుగుతున్నప్పుడు తనని ముట్టుకోకూడదు, వెనకనుంచి పిలవకూడదు. ఉలిక్కిపడితే ప్రమాదం. ఏదైనా తేడాగా కనిపిస్తే ప్లగ్గు పీకెయ్, అంతే."

అత్తయ్యకి కరెంటంటే హడలు. మనదేశంలోలాగా ఇక్కడ సాకెట్ పక్కన స్విచ్ ఉండదు, ఆపాలంటే ప్లగ్గే పట్టుకుని లాగాలి. వచ్చినప్పటినుంచీ ఆవిడ ఇంట్లో ఒక్క ప్లగ్గూ ముట్టుకోలేదు. టోస్టర్‌ని చూసినా ఆమడదూరం జరిగేది. అయినా పీట తెచ్చుకుని గోడవారన కూర్చుంది. ఒళ్ళో పత్తి పెట్టుకుని ఒత్తులు చేసుకుంటూ, కళ్ళు మాత్రం నా మీదే ఉంచింది.

పని బాగానే సాగింది. ఎగుడుదిగుడు లేకుండా గాడి రావాలంటే పలక మీద తిన్నని బద్ద ఒకటి బిగించి, దాని వెంబడే యంత్రాన్ని జరపాలి. తొందరపడితే చెక్క పెచ్చులు లేస్తుంది, మరీ నెమ్మదిస్తే మాడుతుంది. రెండు శనివారాలకి చెయ్యి కుదిరింది. నిజం చెప్పొద్దూ, నాకది నచ్చింది. చెవులు మూసుకుని, ఎవరి మాటా వినపడకుండా, నా చేతుల కింద వాల్‌నట్ వాసన వస్తుంటే, ఆ చలికాలమంతా మోసిన బరువు పొట్టుపొట్టుగా రాలిపోతున్నట్టుండేది.

మూడో పలక కాస్త వెడల్పైనది. స్వామి కూర్చునే పలక. ఆవలి అంచు అందుకోవడానికి బాగా ముందుకి వంగాల్సి వచ్చింది. బిట్ చెక్కలో దిగి ఉంది. నేను గాడి వంకే చూస్తూ యంత్రాన్ని జరుపుతున్నాను.

ఉన్నట్టుండి మోత ఆగిపోయింది.

నాకు కోపం నెత్తికెక్కింది. పని మధ్యలో ఆగితే గాడిలో గాటు పడుతుంది. ఒక చేత్తో మఫ్స్ లాగేసి, "ఎందుకు పీకారండీ అత్తయ్యా! చక్కగా వస్తోంటే!" అని అరిచాను.

ఆవిడ గోడవారన నిలబడి ఉంది, చేతిలో ప్లగ్గు. ఒత్తులన్నీ నేలపాలయ్యాయి. ఆవిడ చూపు నా మెడ మీద ఉంది. నేను తల దించాను. చొక్కా పై బొత్తాం ఎప్పుడు ఊడిందో, గొలుసు బయటికొచ్చి వేలాడుతోంది. పుస్తెలు రెండూ యంత్రం అడుగుపళ్ళెం మీద ఆని ఉన్నాయి. పక్కనే బిట్ తిరిగే కన్నం. చిటికెనవేలు పట్టేంత ఎడం కూడా లేదు.

గొలుసు అందులో చుట్టుకుని ఉంటే నా ముఖం ఎక్కడికి లాక్కుపోయేదో ఆలోచించడానికి కూడా భయమేసింది. మావారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు, దిండు ఎక్కడో పడిపోయింది. నేను రెండో పిడి కూడా వదిలేశాను. వేళ్ళు ఒక్కొక్కటే ముడిచి చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి.

అత్తయ్య వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. అరచేతులు తిప్పి చూసింది, తర్వాత ముఖం తడిమింది, మెడ తడిమింది. గొలుసు వంక చూడనే లేదు.

"తీసెయ్యవే అమ్మాయ్" అంది. "ముందది తీసెయ్."

"మీరే కదా తీయొద్దన్నారు" అన్నాను. "మీ అబ్బాయికేమైనా అవుతుందనీ..."

"వాడు దక్కాడు. ఇప్పుడు నిన్ను పోగొట్టుకోమంటావా?"

ఆ చలికాలం మొత్తం మీద నేను ఏడవలేదు. ఆవిడ భుజం మీద తల పెట్టి, వడ్రంగి కళ్ళజోడుతోనే, అప్పుడు ఏడ్చాను. కళ్ళజోడు లోపలంతా ఆవిరి పట్టింది. ఏడుస్తుంటే ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆవిడ లోపలికెళ్ళి తన పెట్టెలోంచి దారపు ఉండ, పసుపుకొమ్ము తెచ్చింది. గొలుసు తెగినా, బాగుచేయించడానికి ఇచ్చినా, మెడ బోసిగా ఉండకుండా పసుపుతాడు కట్టుకోవడం మా ఇళ్ళల్లో ఉన్నదే. ఇన్నాళ్ళూ ముగ్గురిలో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు. దారం పేటలు పేని, పసుపు రాసి, కొమ్ము కట్టి మావారి చేతికిచ్చింది. ఆయన గ్యారేజ్‌లో, రంపపు పొట్టు మధ్య నిలబడి, ముడి ముడికీ ఆగి ఊపిరి పీల్చుకుంటూ మూడు ముళ్ళూ వేశారు. మెడకి ఆనుకుని ఉండేలా పొట్టిగా కట్టారు. ఆ తర్వాతే గొలుసు తీశాను.

"ఇది వేలాడదు. ఒకవేళ దేనికైనా తగిలినా నూలు కాబట్టి తెగిపోతుంది, నిన్ను లాగదు" అన్నారాయన, మళ్ళీ ఇంజనీరైపోయి. చొక్కా మార్పించి, బొత్తాలు లేని, మెడదాకా మూసుకునే టీ షర్టు వేయించారు.

గొలుసు తీసుకెళ్ళి అత్తయ్య కిచెన్ క్యాబినెట్‌లో స్వామి పాదాల దగ్గర పెట్టింది. తిరిగొస్తూ గ్లాసుడు పాలు, రెండు అరటిపళ్ళు తెచ్చింది. "పొద్దున్నుంచీ ఏం తిన్నావ్?" అంది. గుర్తులేదన్నాను. తినేదాకా ఎదురుగా నిలబడింది.

గాడిలో పడిన గాటు అలాగే ఉంది. పక్క పలక దానిలో కూర్చున్నాక కనపడదు కానీ, ఎక్కడుందో నాకు తెలుసు. ఆ సాయంత్రమే మిగిలిన పని పూర్తి చేద్దామని మళ్ళీ టేబుల్ దగ్గరికొచ్చాను. అత్తయ్య తన పీట మీదికి చేరింది. ప్లగ్గు చేతిలోకి తీసుకుంది కానీ వెంటనే పెట్టలేదు. నా కాన్వాస్ బూట్ల దగ్గర మొదలుపెట్టి, చేతులు, మెడ, జుట్టుముడి దాకా పరీక్షగా చూసుకుంటూ వచ్చింది.

"కళ్ళజోడేదే?"

పెట్టుకున్నాను.

"స్విచ్ ఆపే ఉందా?"

యంత్రం మీద వేలు పెట్టి చూసుకున్నాను. ఇందాక ఆవిడ ప్లగ్గు పీకినప్పటినుంచీ అది ఆన్‌లోనే ఉంది, ప్లగ్గు పెట్టగానే గిర్రున తిరిగేది. ఆఫ్ చేశాను.

"ఇప్పుడు పెట్టండి అత్తయ్యా" అన్నాను.